బొమ్మల పుస్తకానికి ఖాకీ అట్ట

గవ్వలపాలెంలో కోదండపాణి అని ఒకాయన ఉండేవాడు. కంటికి కనిపించిన ప్రతిదానికీ అట్ట వేస్తే గానీ ఆయనకు నిద్ర పట్టేది కాదు.

అట్ట వేయడం మంచి అలవాటే, నేను కాదనను. జూన్‌లో బళ్ళు తెరిచారంటే మనందరం ఖాకీ కాగితం, కత్తెర, లేబుళ్ళు ముందేసుకుని కూర్చునేవాళ్ళమే. కానీ దేనికైనా ఒక హద్దుండాలా వద్దా? ఈయన పంచాంగానికి అట్ట వేసేవాడు. గ్యాసు పుస్తకానికి అట్ట వేసేవాడు. టీవీ రిమోటుకు ప్లాస్టిక్ తొడుగు వేసి, ఆ తొడుగు మాసిపోతుందని దాని మీద ఇంకొకటి వేసేవాడు. ఎంత నొక్కినా ఒక్క మీటా పలికేది కాదు. కాజాలు చేద్దామని తెచ్చుకున్న మైదా కాస్తా జిగురు గిన్నెలోకి పోయేది. "నయం, నాకింకా అట్ట వేయలేదు!" అని ఆయన భార్య మాణిక్యాంబ తల పట్టుకునేది. ఆవిడ ఎన్ని చెప్పినా దున్నపోతు మీద వాన కురిసినట్టే ఉండేది.

ఆయన గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. ఊళ్ళోవాళ్ళు సత్రం పక్కన ఒక గది బాగుచేసి, పిల్లల కోసం పుస్తకాల గది పెట్టి, తాళంచెవి ఆయన చేతికిచ్చారు. జాగ్రత్త మనిషి కదా అనుకున్నారు పాపం.

విశాఖపట్నంలో ఉషారాణి గారు అని ఒకావిడ ఉండేవారు. పిల్లలకు బొమ్మల పుస్తకాలు వేసి ఊళ్ళకు పంపే సంఘం నడిపేవారు. గవ్వలపాలేనికి ఒక పెట్టె నిండా పుస్తకాలు పంపుతూ, ఫోన్‌లో ఆవిడ షరతు చెప్పారు. "ప్రతి పుస్తకం చివర ఒక పేజీ ఖాళీగా వదిలాం. కథ చదివాక పిల్లలు దాని మీద వాళ్ళకు తోచిన బొమ్మ వేసుకోవాలి. ఏడాది తర్వాత వచ్చి చూస్తాను. పిల్లలు చదివి బొమ్మలు వేసుకుంటే పుస్తకాలు మీ ఊరివే, ఇంకో పెట్టె కూడా పంపుతాను. లేకపోతే వెనక్కి తీసుకెళ్ళి, అడుగుతున్న వేరే ఊరికి ఇచ్చేస్తాను."

"మీకేం బెంగ వద్దండీ, నేనున్నాను!" అన్నాడు కోదండపాణి.

పెట్టె దిగిన రోజు కుండపోతగా వాన. లారీవాడు పెట్టెను రోడ్డు మీద దించేసి పోయాడు. కోదండపాణి దాన్ని తోపుడుబండి మీద ఎక్కించి, తన గొడుగు తీసి పెట్టె మీద పట్టాడు. ఆయన మాత్రం నిలువునా తడిసిపోయాడు. కళ్ళజోడులోంచి నీళ్ళు కారుతున్నా గొడుగు పక్కకు జరపలేదు. దారిలో జంతికల కొట్టు చూరు కింద నిలబడి ఒక పిల్ల ఇదంతా కళ్ళప్పగించి చూసింది. ఆ పిల్ల పేరు పైడితల్లి. కొట్టు వాళ్ళమ్మదే. రెండో తరగతి చదువుతోంది. బొగ్గు దొరికితే గోడ మీదా, సుద్ద దొరికితే గచ్చు మీదా బొమ్మలు వేసేది.

ఇంతవరకూ బాగానే ఉంది. ఈ మనిషి అక్కడితో ఆగితే ఎంత బాగుండేది!

పెట్టె విప్పి చూస్తే కళ్ళు చెదిరే రంగులు. ఒక అట్ట మీద చేప, ఒక అట్ట మీద గాలిపటం, ఒక అట్ట మీద గుమ్మడికాయలో కాపురం పెట్టిన ఎలుకలు. "అబ్బ, ఎంత బాగున్నాయో! మాసిపోతాయి," అన్నాడు కోదండపాణి. ఇంకేముంది! జిగురు ఉడికింది. వారం తిరిగేసరికి అన్నిటికీ ఖాకీ అట్టలు పడ్డాయి. చేప లేదు, గాలిపటం లేదు, ఎలుకలు లేవు. లేబుల్ మీద ఒక నంబరు, అంతే. అయ్యా, బొమ్మల పుస్తకానికి బొమ్మే కనపడకుండా అట్ట వేసే మనిషిని ఎక్కడైనా చూశారా?

చివరి ఖాళీ పేజీని ఆయన అసలు సహించలేకపోయాడు. "పిల్లల చేత పుస్తకాల్లో గీతలు గీయిస్తారా? హవ్వ!" అనుకుని, ఆ పేజీని అట్ట మడతలోకి తోసి జిగురు పెట్టి అంటించేశాడు.

"ఏమండీ, ఆవిడ చూస్తానన్నది ఆ పేజీనే కదండీ!" అంది మాణిక్యాంబ.

"పుస్తకం కొత్తగా ఉంటే ఆవిడే మెచ్చుకుంటుంది. నీకు తెలీదు, ఊరుకో," అన్నాడాయన.

పిల్లలు వచ్చారు. ఎందుకు రారు? గది తెరిచిన రోజు తోసుకుంటూ వచ్చారు. కోదండపాణి గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరి చేతులూ తిరగేసి చూశాడు. సబ్బు వాసన రాకపోతే వెనక్కి పంపాడు. లోపలికి వచ్చినవాళ్ళు అద్దాల బీరువా ముందు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆయనే ఒక పుస్తకం తీసి, నాలుగు పేజీలు దూరం నుంచి చూపించి, "చాలు, కుట్టు సడలిపోతుంది," అని మూసేసేవాడు.

"తాతా, చేప పుస్తకం ఏదీ?" అని ఒక బుడతడు అడిగాడు.

"లేబుల్ మీద నంబరుంది కదరా, చూసుకో."

"నాకు చదవడం రాదు తాతా. అందుకే గదా బొమ్మల పుస్తకం!"

ఆయన బీరువాకు తాళం వేసుకున్నాడు. మారే మనిషా! నెల తిరిగాక ఒక్క పిల్లా ఆ గది మొహం చూడలేదు. పైడితల్లి మాత్రం రోజూ వచ్చేది. దాని చేతులకు ఎప్పుడూ జంతికల నూనె వాసన. కోదండపాణి దాన్ని గడప దాటనిచ్చేవాడు కాదు. అది గుమ్మం దగ్గరే నిలబడి, "లోపలేటుందండీ తాతగారూ?" అని అడిగేది.

"కథలు."

"ఏటి కథలండీ?"

"మంచి కథలు. వెళ్ళు, వెళ్ళు, నూనె చేతులు తలుపుకి పెట్టకు!"

ఇలాగే ఏడాది గడిచిపోవచ్చింది. ఒకరోజు కోదండపాణి ఖాకీ కాగితం చుట్ట కొనడానికి పట్నం వెళ్ళాడు. ఇంకా దేనికి అని అడక్కండి, పాత అట్టలు వెలిశాయట, మారుస్తాడట! తాళంచెవి ఇంట్లోనే ఉండిపోయింది. మాణిక్యాంబ గది తెరిచి, "రావే పైడితల్లీ, నీక్కావలసింది తీసుకో," అంది.

అన్నీ ఒకేలా ఉంటే ఏం తీసుకుంటుంది? కళ్ళు మూసుకుని ఒకటి లాగింది. "ఒక్కపాలి ఇంటికి పట్టుకెల్తానండీ మామ్మగారూ," అంది. మాణిక్యాంబ సరేనంది.

ఆ పుస్తకంలో ఒక దున్నపోతు కథ ఉంది. దున్నపోతు మీద వాన పడితే దానికేం పట్టదని లోకమంతా అంటుంది కదా. ఈ దున్నపోతుకు మాత్రం వానంటే తుమ్ములు. అది గొడుగు కోసం ఊరూరా తిరుగుతుంది. తీరా గొడుగు దొరికాక, దారిలో తడుస్తున్న బాతుపిల్లలకు పట్టేసి, తాను హాచ్ హాచ్ అంటూ తడుస్తూ నడుస్తుంది. పైడితల్లి కూడబలుక్కుని చదివింది. తమ్ముడికి చెప్పింది, అమ్మకు చెప్పింది, మళ్ళీ మొదటినుంచి చదివింది. ఆ తర్వాత దానికి బొమ్మ వేయాలనిపించి చేతులు ఊరుకోలేదు. ఖాళీ పేజీ కోసం వెతికితే అది జిగురు కింద ఉంది. దాంతో ఖాకీ అట్ట మీదే వేసేసింది. బొగ్గుతో దున్నపోతు, పసుపుతో బాతుపిల్లలు, కుంకుమ తడిపి ఎర్ర గొడుగు. చివరగా దున్నపోతుకు గుండ్రటి కళ్ళజోడు పెట్టింది.

పుస్తకం తిరిగొచ్చాక చూడాలి కోదండపాణి మొహం! "నూనె మరక! పసుపు! అయ్యయ్యో, ఈ కళ్ళజోడేమిటి? ఇది నా కళ్ళజోడే! నన్ను దున్నపోతును చేసిందే ఈ పిల్ల!" అని చిందులు తొక్కాడు. మాణిక్యాంబ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. దాంతో ఆయనకు ఒళ్ళు ఇంకా మండింది. జంతికల కొట్టు దగ్గరకే వెళ్ళి, "ఇంకోసారి ఆ గడప తొక్కావంటే ఊరుకోను!" అని అందరి ముందూ పైడితల్లిని కేకలేశాడు. పిల్ల బిక్కచచ్చిపోయింది. ఒక్క మాట చెప్పబోయింది కానీ ఆయన వింటే కదా!

మర్నాడే ఉషారాణి గారు కారు దిగారు. ఆవిడ వచ్చారని పిల్లలంతా గది ముందు మూగారు. కోదండపాణి ఆ మరకల పుస్తకాన్ని గబగబా తన చేతిసంచిలో కుక్కి, నవ్వుతూ ఎదురెళ్ళాడు.

ఆవిడ బీరువా చూసి నిర్ఘాంతపోయారు. "ఇదేమిటండీ, పిల్లల గదా, పోలీస్ స్టేషనా?"

"భద్రంగా ఉంటాయని అట్టలు వేశానండీ. చూడండి, ఒక్క మరక లేదు, ఒక్క మడత లేదు!"

ఆవిడ ఒక పుస్తకం తెరిచారు. అది కొత్త పుస్తకంలా పెళపెళలాడింది. చివరి పేజీ కోసం చూశారు. జిగురు కనిపించింది. ఇంకొకటి తీశారు, ఇంకొకటి. అన్నీ అంతే. ఆవిడ మొహం ఎర్రబడింది. పిల్లలవైపు తిరిగి, "మీకు ఏ పుస్తకం ఇష్టం?" అని అడిగారు.

పిల్లలు మొహామొహాలు చూసుకున్నారు. ఒకడు ధైర్యం చేసి, "ఖాకీదండీ," అన్నాడు.

ఉషారాణి గారు డ్రైవర్ని పిలిచి, పుస్తకాలు సర్దడానికి పెట్టె తెమ్మన్నారు. అప్పుడు గుమ్మం అవతల నుంచి చిన్న గొంతు వినిపించింది. "నాకు దున్నపోతు పుస్తకమండీ." పైడితల్లి గడప తొక్కకుండా, బయటే నిలబడి ఉంది.

"ఆ పుస్తకం ఏదండీ?" అన్నారు ఉషారాణి గారు. కోదండపాణి సంచిని వెనక్కి దాచుకున్నాడు. మాణిక్యాంబకు ఓపిక నశించింది. "ఇక చాలండీ మీ వాలకం!" అని సంచిలోంచి పుస్తకం లాగి ఆవిడ చేతిలో పెట్టింది.

ఆవిడ ఆ బొమ్మ చూసి గుమ్మం దగ్గరకు వెళ్ళారు. "ఈ కళ్ళజోడు ఎందుకు పెట్టావమ్మా?" అని మెల్లగా అడిగారు.

"దున్నపోతు బాతుపిల్లలకి గొడుగెట్టి తాను తడిసిపోనాది కదండీ. తాతగారు కూడా అంతే. పుస్తకాల పెట్టికి గొడుగెట్టి, ఆయన తడిసిపోనారు. నాను సూసినాను. అందుకే ఆయన కళ్ళజోడు ఎట్టినాను."

కోదండపాణి కళ్ళజోడు తీసి తువ్వాలుతో తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

"వానలో మీరు గొడుగు పట్టడం గొప్ప పనేనండీ," అన్నారు ఉషారాణి గారు. "కానీ వాన వెలిశాక గొడుగు దించాలి కదా! ఈ ఊరు చదివింది ఒక్క పుస్తకం. ఆ ఒక్కటీ ఈ ఊరిదే. మిగతావి పక్క ఊరి పిల్లలు ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

"అమ్మా, ఈసారికి..." అన్నాడు కోదండపాణి.

"మీకిచ్చింది ఏడాదండీ," అన్నారావిడ. పెట్టె కారెక్కింది. పిల్లలు వీధి చివరిదాకా కారు వెంట పరిగెత్తి, వట్టి చేతులతో తిరిగొచ్చారు.

ఆ సాయంత్రం కోదండపాణి ఖాకీ చుట్ట చంకన పెట్టుకుని జంతికల కొట్టుకు వెళ్ళాడు. పైడితల్లి ఆయన్ని చూసి వాళ్ళమ్మ వెనక నక్కింది. "తప్పు నాదే తల్లీ. నువ్వు మెచ్చుకుంటూ వేసిన బొమ్మని తిట్టు అనుకున్నాను. రా, ఈ కాగితమంతా మీదే. ఏం వేసుకుంటారో వేసుకోండి," అన్నాడు అందరికీ వినపడేలా. మర్నాటినుంచి గది తలుపులు బార్లా తెరిచాడు. ఎవరి చేతులూ చూడలేదు. పిల్లలు చుట్ట విప్పుకుని నేలంతా పరిచి బొమ్మలు వేశారు. ఆయన జిగురు గిన్నె తెచ్చి వాటిని గోడలకు అంటించాడు. ఏం మనిషండీ! ఈ పని పెట్టె దిగిన రోజే చేసి ఉంటే ఎవరడ్డొచ్చారు?

బీరువాలో ఇక ఒక్క పుస్తకమే ఉండేది. దాన్ని పిల్లలు వంతులవారీగా ఇంటికి తీసుకెళ్ళేవారు. ఒకరోజు పైడితల్లి తమ్ముడు ఆయన పంచె పట్టుకుని లాగి, "తాతా, ఎల్లిపోయిన పుస్తకాల్లో ఏటి కథలుండేవి? సెప్పవా?" అన్నాడు.

కోదండపాణి నోరు తెరిచాడు. ఆయనకు నంబర్లు గుర్తున్నాయి. ఏ పుస్తకానికి ఎంత కాగితం పట్టిందో గుర్తుంది. ఒక్క కథా గుర్తు లేదు. ఉంటే కదా, ఆయనా చదవలేదు! "నాకూ తెలీదు నాయనా," అన్నాడు, తల దించుకుని.

అందుకే పెద్దలారా, ఈ మాట మీకే చెబుతున్నాను: పిల్లల చేతికివ్వని బొమ్మల పుస్తకం ఎంత భద్రంగా దాచినా పోయినట్టే, వాళ్ళ చేతుల్లో మాసిన పుస్తకమే మిగిలినట్టు.