బిగిసిన కొక్కేలు

చందన చేసిన పళ్ల సెట్టు మూడోసారి వెనక్కి వచ్చింది. డబ్బాకు అంటించిన చీటీలో డాక్టరుగారు ఒకటే ముక్క రాశారు: "తిరుపతమ్మ పెట్టుకోవడం లేదు."

చందనకు ఒళ్లు మండింది. గుంటూరులోని ఆ పళ్ల ల్యాబులో కంప్యూటర్ మీద డిజైన్ చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరు. ఆ సంగతి అందరికంటే ముందు ఆమెకే తెలుసు. నోటిని స్కాన్ చేసిన ఫైలు రావడం ఆలస్యం, మిగిలిన పళ్లలో దేన్ని ఏ కొక్కెం పట్టాలో తెరమీద గీసేసి, లోహపు చట్రం మిషన్లో ప్రింటు తీయించేది. రోజూ తీసి కడుక్కుని మళ్లీ పెట్టుకునే సెట్టు అది.

మొదటిసారి వెనక్కి వస్తే వదులైందేమోనని కొక్కేలు బిగించింది. రెండోసారి ఇంకాస్త బిగించింది. ఇక బిగించడానికి ఏమీ మిగల్లేదు.

ల్యాబులోనే ఉన్న ఖాసిం మాస్టారి దగ్గరికి పట్టుకెళ్లింది. నలభై ఏళ్లు మైనంతో, చేత్తో సెట్లు చేసిన మనిషి. కంప్యూటర్ జోలికి పోరు గానీ, బయటికి వెళ్లే ప్రతి సెట్టూ ఆయన కంట పడాల్సిందే.

"చూడండి మాస్టారూ, ఆవిడ నోటి అచ్చు మీద వెంట్రుక దూరే సందు కూడా లేదు. ఆవిడేమో, ఇక నాకే పళ్లూ వద్దు, జావ తాగి బతుకుతానంటోందట!"

మాస్టారు సెట్టును అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగా కుదిరిందమ్మా" అన్నారు. నిజంగానే మెచ్చుకున్నారు. "నిన్న క్లినిక్కుకి పోయి ఆవిడ్ని చూసొచ్చా."

"ఏమంది?"

ఆయన సొరుగులోంచి ప్లాస్టర్ చుట్ట తీశారు.

"చేతులు ఇటియ్యి."

రెండు చేతుల వేళ్లకూ, కణుపులు మడతపడకుండా, మందంగా చుట్టారు. సెట్టును అచ్చుకు తొడిగి ఆమె ముందు పెట్టారు.

"ఇప్పుడు తియ్యి."

చందన నవ్వుతూనే మొదలుపెట్టింది. వేలు జారింది. బొటనవేలు ఆనించి లాగబోతే అచ్చు బల్లంతా తిరిగింది కానీ సెట్టు కదల్లేదు. గోరు ఆనించే వీల్లేదు. చెమట పట్టింది. చివరికి విసుగొచ్చింది.

"మాస్టారూ, కాస్త మీరే తీసిపెట్టండి."

మాస్టారు తీసిపెట్టారు.

"ఆవిడ ముప్పై ఏళ్లు మిర్చి తొడిమలు తీసిందమ్మా. వేళ్లు వంగటం లేదు. రోజూ పడుకునే ముందు కోడలి ఎదుట నోరు తెరుచుకుని కూర్చుని, ఇప్పుడు నువ్వన్న మాటే అనాలంట."

చందన తల ఎత్తలేకపోయింది. సిగ్గేసింది. ప్లాస్టర్ విప్పుకుని, కంప్యూటర్ ముందు కూర్చుని తిరుపతమ్మ ఫైలు తెరిచింది. కొక్కేలు వదులు చేసింది. బొటనవేలు ఆనించి పైకి లేపుకోవడానికి ఓ పక్కన చిన్న మెట్టు గీయబోయి, ఆగింది. ఫోన్ తీసింది.

"డాక్టరుగారూ, తిరుపతమ్మగారిది కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా?"