కోటగుమ్మం దగ్గర గవరమ్మ

మల్లభూపతి కోటకు గుమ్మం కాపలాకి మనిషి కావాలని దండోరా వేశారు. రాజముద్ర లేనివాళ్ళని ఆపడమే పని. కొలువు పరీక్షలకు తర్ఫీదిచ్చే చిదంబరం పంతులు శిష్యులకు వంగి దండాలు పెట్టడం, తియ్యగా మాట్లాడటం నేర్పాడు. గవరమ్మ మాత్రం తర్ఫీదు లేకుండానే, వెదురుకర్రతో, కళ్ళనిండా కలలతో వచ్చి గుమ్మం ముందు నిలబడింది.

పంతులు రాగానే, పరీక్షకొచ్చిన శిష్యులంతా వంగి దారిచ్చారు. గవరమ్మ కర్ర అడ్డం పెట్టింది.

“ముద్ర చూపించండి పంతులుగారూ.”

“నన్నే ఆపుతావుటే? నా దగ్గర నేర్చుకోనిదానికి కొలువెవరిస్తారే?”

“అది తరవాత సంగతి. ముద్ర ఏదీ?”

మేడమీంచి చూస్తున్న రాజు నవ్వాడు. “కొలువింకా ఇవ్వలేదుగా పిల్లా! అప్పుడే దబాయింపా?”

గవరమ్మ కర్ర దించలేదు.

“ఇవ్వకుండానే ఈయన్ని ఆపాను. ఇచ్చి చూడండి ప్రభూ, ముద్ర మరిచిపోయి వస్తే తమర్నీ ఆపుతాను!”

రాజు అక్కణ్ణించే కొలువిచ్చాడు. పంతులు ముద్ర తెచ్చుకోవడానికి ఇంటికి నడిచాడు.