రోకటి చప్పుడు చాటున

ఇటు జరుగు నీలూ, దుప్పటి కప్పుకో. రేపు నేను ఊరెళ్ళిపోయేలోగా ఒక కథ కావాలన్నావు, ఒక చిలకా కావాలన్నావు. చిలకని పట్టి పంజరంలో పెట్టడం నేరమని నేనంటే మీ నాన్న నవ్వేశారు. పుట్టినరోజుకి తెస్తానన్నారు. సరే, తెచ్చే ముందు ఈ కథ విను. భయమేస్తే నా చెయ్యి పట్టుకో.

అనగనగా మిరపచేల మధ్య ఒక ఊరు. ఆ ఊళ్ళో ఏ ఇంట విన్నా రోకటి చప్పుడే. అక్కడ భద్రయ్య అని ఒక పెద్దమనిషి. ఊళ్ళో మొగుడూ పెళ్ళాల తగువులన్నీ ఆయన అరుగు మీదే తీరేవి. ఆయన భార్య రత్తమ్మ. వాళ్ళకి నీ అంత కూతురు, పేరు మంగ.

మంగకి చిలక కావాలనిపించింది. అప్పుడు చిలకలమ్మే ముసలమ్మ ఒకావిడ బుట్టలో చిలకపిల్లని పెట్టుకుని వాళ్ళ అరుగు ముందుకొచ్చింది. అడగ్గానే ఇచ్చేసే మనిషి కాదావిడ. మూడు ప్రశ్నలడిగింది.

దీనికి రోజూ పండు కోసి పెట్టేదెవరు, రెట్ట కడిగేదెవరు అని మొదట అడిగింది. ఇంట్లో ఆడవాళ్ళున్నారుగా అన్నాడు భద్రయ్య. ఇది ఏళ్ళూ పూళ్ళూ బతుకుతుంది, పిల్ల పెళ్ళయి వెళ్ళాక చూసేదెవరు అని ఆ తర్వాత అడిగింది. ఆడవాళ్ళున్నారుగా అన్నాడు మళ్ళీ. ఆయన దగ్గర ఏ ప్రశ్నకైనా అదొక్కటే జవాబు.

అప్పుడు ముసలమ్మ గొంతు తగ్గించింది.

"మీ ఇంట్లో ఏ మాట ఎక్కువ వినిపిస్తుంది బాబూ? ఇది అదే నేర్చుకుంటుంది."

భద్రయ్య నవ్వి, మాది పరువైన ఇల్లు, గట్టిగా మాటే వినపడదన్నాడు. తలుపు వెనక రత్తమ్మ పైట లాగి మోచెయ్యి కప్పుకుంది.

ఎందుకంటావా? చెబుతా. భద్రయ్యకి కోపమొస్తే రత్తమ్మని లోపలి గదిలోకి పిలిచి గొళ్ళెం పెట్టేవాడు. వెళ్ళే ముందు రత్తమ్మ కూతురి చెవిలో ఒక మాట చెప్పేది. మంగ వెంటనే రోట్లో మిరపకాయలు పోసి దంచేది. ఆ చప్పుడులో లోపలి చప్పుడు కలిసిపోయేది. వీళ్ళింట్లో ఎంత కారం తింటారో అని పక్కింటి సూరీడమ్మ విస్తుపోయేది. పరువేమో ఆయనది, దంచేదేమో చిన్నపిల్ల. చాలా ఇళ్ళలో ఏర్పాటు అలాగే ఉంటుంది.

ఆ తర్వాత చిలక ఇంటికొచ్చింది. ఎగిరిపోకుండా భద్రయ్య దాని రెక్కల ఈకలు కత్తిరించాడు. పంజరాన్ని వసారాలో, రోటికి పైన వేలాడదీశాడు. అక్కణ్ణించి అటు గది తలుపూ దగ్గరే, ఇటు వీధి అరుగూ దగ్గరే.

అప్పట్నించీ రత్తమ్మ ప్రాణాలు గుప్పెట్లో పెట్టుకుని తిరిగేది. ఇది నలుగురిలో నోరు విప్పితే మొగుడి కోపం తీరేది తన ఒంటి మీదే కదా. అందుకని పొద్దున్నే లేచి దానికి రామ రామ నేర్పేది. రండి, కూర్చోండి అని మంగ నేర్పేది. చిలక తల పక్కకి వంచి వినేది. ఒక్క ముక్కా అనేది కాదు. అది రోకటి చప్పుడూ వింది, దాని చాటున ఉన్నదీ వింది.

మొదట ఒకనాడు, అన్నాలు తింటుండగా, చిలక గొళ్ళెం పెట్టిన చప్పుడు చేసింది. టక్. మంగ చేతిలో ముద్ద జారిపోయింది. చూస్తే గది తలుపు తెరిచే ఉంది. భద్రయ్య పంజరం వంక చూసి, ఏమీ అనకుండా మజ్జిగ పోసుకున్నాడు. ఆయన అరిచినప్పటికన్నా ఏమీ అననప్పుడే వాళ్ళకి ఎక్కువ భయం.

ఆ తర్వాత ఒకనాడు సూరీడమ్మ కరివేపాకు కోసం వచ్చింది. అప్పుడు చిలక అచ్చం రత్తమ్మ గొంతుతో, "గట్టిగా దంచు తల్లీ, ఇంకా గట్టిగా దంచు" అంది. సూరీడమ్మ నవ్వబోయి, రత్తమ్మ మొహం చూసి ఆ నవ్వు మింగేసింది. కరివేపాకు మర్చిపోయి వెళ్ళిపోయింది. అప్పట్నించి ఎవరొచ్చినా రత్తమ్మ పంజరానికి దుప్పటి కప్పేది. కప్పితే మాట బయటికి రాదనుకుంది పాపం. మంగ మాత్రం, నాన్న చిలకని చంపేస్తాడేమోనని దాని దగ్గర్నించి కదిలేది కాదు.

మూడోసారి... చెయ్యి పట్టుకున్నావా? ఆఁ, అలాగే పట్టుకో.

ఒకరోజు కుమారి అనే అమ్మాయిని అరుగు దగ్గరికి తీసుకొచ్చారు. మొగుడు కొడుతున్నాడని పుట్టింటికి వచ్చేసిందిట. మళ్ళీ పంపించెయ్యాలని పెద్దమనుషులంతా కూర్చున్నారు. కుమారి తలెత్తలేదు. తిరిగి వెళితే నేను బతకనని మాత్రం అంది. భద్రయ్య గొంతు సవరించుకుని, ఆడది ఓర్చుకోవాలమ్మా, మా ఇల్లు చూడు, ఏనాడైనా గొడవ విన్నారా అని అందరి వంకా చూశాడు. లేదు లేదన్నారంతా.

అప్పుడు దుప్పటి కింద గొళ్ళెం పడింది. టక్. ఆ తర్వాత, గట్టిగా దంచు తల్లీ, అంది చిలక. ఆ తర్వాత రోకటి దెబ్బలు. ఆ దెబ్బల మధ్య, వీధిలో ఎవ్వరూ ఎన్నడూ వినని ఒక సన్నటి గొంతు.

"వద్దండీ. పిల్ల వింటోంది."

అరుగు మీదవాళ్ళంతా వసారా వైపు తిరిగారు. భద్రయ్య లేచాడు. దాని మెడ విరిచేస్తానంటూ వసారాలోకి నడిచాడు. మంగ దుప్పటి లాగేసి పంజరం తలుపు తీసింది. కానీ ఈకలు లేని రెక్కలు కదా, చిలక ఎగరలేక కిందపడి, నడుచుకుంటూ రోటి చాటుకి పోయింది.

అప్పుడు రత్తమ్మ ఏం చేసిందో తెలుసా? వంగి చిలకని చేతుల్లోకి తీసుకుంది. ఇంట్లోకి పరిగెత్తలేదు. ఇంట్లో గొళ్ళెం ఉంది కదా. మొగుణ్ణి దాటుకుని, తగువులప్పుడు ఏనాడూ కాలు పెట్టని అరుగు మీదకొచ్చి, అందరి ముందూ కుమారి పక్కన కూర్చుంది.

"ఇది అబద్ధం నేర్చుకోలేదు," అంది. అంతే.

భద్రయ్య చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అందరూ చూశారు. చూశాక దించక తప్పలేదు. పెద్దమనుషులు చెప్పులు వెతుక్కున్నారు. అలాంటప్పుడే మగవాళ్ళకి ఇంటి దగ్గర పనులు గుర్తొస్తాయి. సూరీడమ్మ మాత్రం చేతిలో రోకలితోనే వచ్చి నిలబడింది. ఇకమీదట వేళ కాని వేళ ఈ ఇంట్లో దంచుడు వినపడితే వీధి ఆడవాళ్ళమంతా తలా ఒక రోకలీ పట్టుకుని సాయానికొస్తామని భద్రయ్యకే చెప్పింది.

కుమారిని ఎవరూ వెనక్కి పంపలేదు. రత్తమ్మ ఆ గది గొళ్ళెం పీకించింది. భయం పోయిందా అంటే వెంటనే పోలేదమ్మా. ఎక్కడ చిన్న చప్పుడైనా తల్లీ కూతుళ్ళిద్దరూ ఉలిక్కిపడేవాళ్ళు. ఈకలు మళ్ళీ వచ్చేదాకా చిలక వాళ్ళ దగ్గరే ఉంది. ఆ తర్వాత మిరపచేల మీదుగా ఎగిరిపోయింది. పోయేదాకా అప్పుడప్పుడూ ఆ మాటలే అనేది. నేర్చుకున్నది మర్చిపోవడం దానికీ కష్టమే.

అందుకని నీలూ, పంజరమూ జామపండూ తర్వాత సంగతి. ముందు ఒక రోజంతా ఊరికే కూర్చుని ఇల్లు ఏమంటోందో వినాలి. మీ ఇంట్లో అయితే చిలక ఏం నేర్చుకుంటుందంటావు?

చెప్పు. మెల్లిగా చెప్పు, ఫర్వాలేదు.

"టీవీ సౌండు ఇంకా పెంచు తల్లీ," అనా? ఎవరంటారు అలా? అమ్మా?

ఎప్పుడంటుంది?

సరే. సరే నా తల్లీ. ఇంకేం చెప్పక్కర్లేదు, నాకు వినపడింది. ఇలా దగ్గరికి రా. చిలక వద్దులే మనకి. తలుపు దగ్గర నా సంచి ఉంది చూశావా? పొద్దున్నే అందులో నా చీరలన్నీ తీసి మళ్ళీ మీ బీరువాలో పెట్టెయ్యి. నేను రేపు వెళ్ళడం లేదు.

కథ పోయె కంచికి,
చిలక పోయె చేనికి,
అమ్మమ్మ పోదింక ఊరికి,
కాపలా ఈ ఇంటికి.