ఎలుకలు ముందు చచ్చాయి

నల్లమట్టికోన అని ఒక అడవి ఉండేది. ఇప్పచెట్లు, తునికిచెట్లు, వెదురు పొదలతో దట్టంగా ఉండేది. అందులో దుప్పులు, కుందేళ్ళు, అడవిపందులు, ముంగిసలు, ఉడతలు ఉండేవి. నేలంతా బొరియలు తవ్వుకుని ఎలుకలు ఉండేవి. ఆ అడవికి దొర ఒక పెద్ద దుప్పి. అతని కొమ్ములు ఎండిన చెట్టు కొమ్మల్లా పైకి చీలి ఉండేవి. అందుకే అందరూ అతన్ని కొమ్ములదొర అనేవారు.

ఎలుకల బొరియల పక్కనే ఒక ఏదుపంది ఉండేది. దాన్ని అందరూ ముళ్ళక్క అని పిలిచేవారు. ముళ్ళక్కకు కోపం ఎక్కువ. కోపం వచ్చిందంటే వీపు మీద ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని గలగలమనేవి. అయినా ఎలుకపిల్లలు దానికి భయపడేవి కావు. పగలంతా ముళ్ళక్క కొడుకు గున్నతో ఆడుకుని, ముళ్ళక్క ఇంట్లోనే దుంపలు తిని పోయేవి.

ఒక ఎండాకాలంలో ఎలుకలు చావడం మొదలైంది. పట్టపగలు బొరియల్లోంచి బయటికి వచ్చి, తూలుతూ నాలుగడుగులు వేసి, గిరగిరా తిరిగి పడిపోయేవి.

పక్క బొరియలో ఉండే ముసలి ఎలుక చుంచవ్వ ఒకరోజు పొద్దున్నే ముళ్ళక్క గుమ్మం ముందుకు పాక్కుంటూ వచ్చింది.

"అక్కడే ఆగు ముళ్ళక్కా, నా దగ్గరికి రాకు," అంది. "నా మనవలంతా పోయారే. చంకల్లో, గజ్జల్లో గడ్డలు లేచాయి. ఒళ్ళు నిప్పులా కాలింది. నాకూ లేచాయి. నువ్వు గున్నను తీసుకుని ఎటైనా వెళ్ళిపో. దొరకు చెప్పు. అందరికీ చెప్పు."

అంతకు మించి మాట్లాడలేకపోయింది. ఆ గుమ్మం ముందే ప్రాణం వదిలేసింది.

పిల్లలూ, ఊళ్ళలో మనుషులు ఈ రోగాన్ని ప్లేగు అంటారు. ఎలుకల ఒంటి మీద నల్లటి చిన్న పురుగులు ఉంటాయి. అవి ఎగిరి దూకుతాయి. ఎలుక చచ్చి ఒళ్ళు చల్లబడగానే ఆ పురుగులు దాన్ని వదిలేసి, దగ్గర్లో వెచ్చని ఒళ్ళు ఏది దొరికితే దాని మీదికి దూకుతాయి. వాటితో పాటే రోగమూ దూకుతుంది. ఈ సంగతి మనుషులకే చాలా కాలం తెలియలేదు. ఇక అడవిలో ఎవరికి తెలుస్తుంది? ముళ్ళక్కకూ తెలియదు. దానికి తెలిసిందల్లా ఒకటే. చావు పక్కింటి దాకా వచ్చింది.

ముళ్ళక్క పరుగున కొమ్ములదొర దగ్గరికి పోయింది. దొర అప్పుడు ఇప్పపూల జాతర ఏర్పాట్లు చూస్తున్నాడు. ఏటా ఆ జాతరకు చుట్టుపక్కల అడవులన్నీ కదిలి వచ్చేవి. పక్కన దొరగారి మంత్రి పునుగుపిల్లి కూర్చుని ఉంది.

"దొరా, ఎలుకలు కుప్పలుగా చస్తున్నాయి. ఏదో పెద్ద రోగం. జాతర ఆపించండి. బొరియల దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి," అంది ముళ్ళక్క.

కొమ్ములదొర నవ్వాడు. "ఎలుకలు చావడం కూడా ఒక వార్తేనా? వడదెబ్బ తగిలి ఉంటుంది."

"వడదెబ్బకు గడ్డలు లేస్తాయా దొరా?"

"ఈసారి జాతరకు ఏనుగులు వస్తున్నాయి, తెలుసా? మా తాత కాలంలో కూడా రాలేదు. నువ్వేమో ఎలుకల గోల తీసుకొచ్చావు."

"ఏనుగులతో పాటు చావు కూడా వస్తుంది దొరా. అదీ చూడండి."

పునుగుపిల్లి కళ్ళు చిట్లించింది. "ఈ మాట పొరుగు అడవుల చెవిన పడితే మన పరువేం కావాలి?" అంది.

కొమ్ములదొర ముఖం ఎర్రబడింది. అక్కడే హుకుం జారీ చేశాడు. రోగం అన్న మాట ఎత్తినవాళ్ళను అడవి నుంచి వెళ్ళగొట్టాలి. చచ్చిన ఎలుకలను అడవిపందులు ఆకుల కిందికి తోసేయాలి. ఖాళీ అయిన బొరియల్లో ఎలుకలు పరుచుకున్న మెత్తని గడ్డి ఉందిగా, దాన్ని లాగి అతిథులకు పరుపులు వేయాలి.

ముళ్ళక్క ముళ్ళు గలగలమన్నాయి. కానీ ఒంటరిది ఏం చేస్తుంది? గున్నను తీసుకుని, బొరియలకు దూరంగా ఉన్న బండల మీదికి కాపురం మార్చింది.

జాతర ఘనంగా జరిగింది. ఏనుగులు వచ్చాయి. నెమళ్ళు ఆడాయి. అడవి చివర రాతిగుట్టలో బూదెమ్మ అనే అలుగు ఉండేది. ఒళ్ళంతా బూడిదరంగు పెంకులు. తూర్పు కొండలు తగలబడినప్పుడు బిడ్డను తోక మీద ఎక్కించుకుని ఈ అడవికి పారిపోయి వచ్చింది. అది కూడా బిడ్డకు చూపిద్దామని జాతరకు వచ్చింది. అడవిపందులు అడ్డం నిలబడి, "పరాయిదానికి జాతరేంటి? పో పో," అని తరిమేశాయి. బూదెమ్మ బిడ్డతో వెనక్కి తిరిగింది.

గున్న మాత్రం పసివాడు. డోళ్ళ చప్పుడు వినపడుతుంటే బండ మీద ఎలా కూర్చుంటాడు? తల్లి దుంపల కోసం పోయినప్పుడు జారుకున్నాడు. కుందేలు పిల్లలతో ఆడి ఆడి అలసిపోయి, ఆ మెత్తని గడ్డి పరుపుల మీదే నిద్రపోయాడు. ముళ్ళక్క వెతికి వెతికి వాణ్ణి ఇంటికి తెచ్చుకుంది.

జాతర ముగిసిన కొద్ది రోజులకే రోగం విరుచుకుపడింది. పొద్దున గంతులేసిన కుందేలు సాయంత్రానికి లేచేది కాదు. ఉడతలు చెట్ల మీద నుంచి పండిన కాయల్లా రాలాయి. గొంతుకింద గడ్డలు, ఒళ్ళు కాలే జ్వరం, దాహం. నీళ్ళిచ్చే దిక్కు లేదు. అన్న ఇంటికి తమ్ముడు రావడం మానేశాడు. తల్లులు పిల్లలను ముట్టుకోవడానికి భయపడ్డాయి. కొన్ని జంతువులు బూడిద పూసుకుని, తమ పాపమేనంటూ చెట్లకు తలలు బాదుకున్నాయి. ఇంకొన్ని ఎలాగూ పోయేవాళ్ళమే అని ఇప్పపూలు తిని మత్తులో తూగాయి.

మిగిలిన జంతువులన్నీ కొమ్ములదొర దగ్గరికి పోయి ఏడ్చాయి. "దొరా, మాకెందుకీ గతి పట్టింది?"

కొమ్ములదొర అప్పటికే కొండ మీదికి ప్రయాణం కట్టాడు. పైన గాలి బాగుంటుందట. అప్పుడు పునుగుపిల్లి అతని చెవిలో ఏదో గుసగుసలాడింది. దొర తలెత్తాడు.

"అందరి ఇళ్ళలోనూ చావులున్నాయి. ఆ అలుగు ఇంట్లో ఎందుకు లేదు?" అన్నాడు. "పరాయి కొండల నుంచి వచ్చింది. పొడుగాటి నాలుకతో నేలంతా నాకుతూ తిరుగుతుంది. నేలలో విషం కలపక ఇంకేం చేస్తోంది? ఆలోచించుకోండి."

ఆలోచించుకోమని చెప్పి, పునుగుపిల్లిని వాళ్ళతో వదిలి, తన వాళ్ళతో కొండెక్కాడు. ఎక్కుతూ ఎక్కుతూ మెత్తని గడ్డి పరుపులు కూడా మోయించుకుపోయాడు.

ఎవరూ ఆలోచించలేదు. బూదెమ్మను జాతరకు రానివ్వలేదు, ఎవరి గుమ్మమూ తొక్కనివ్వలేదు, అందుకే రోగం దాని దగ్గరికి పోలేదని ఒక్కరికీ తట్టలేదు. అంతా రాతిగుట్ట మీదికి ఎగబడ్డాయి. బూదెమ్మ, బిడ్డ లోపల ఉండగానే గుహ నోటికి అడ్డంగా బండలు దొర్లించడం మొదలుపెట్టాయి.

ఆ గుట్టకు దగ్గర్లోనే ముళ్ళక్క గొయ్యి తవ్వుతోంది. గున్న పోయాడు. చివరిదాకా "అమ్మా, దాహం" అంటూనే పోయాడు. నేల రాయిలా గట్టిగా ఉంది. కాళ్ళు పగిలి నెత్తురు కారుతున్నా అది తవ్వుతూనే ఉంది.

పునుగుపిల్లి వచ్చి ఎదుట నిలబడింది. "ముళ్ళక్కా, బిడ్డను పోగొట్టుకున్నదానివి. అందరికంటే నీకే హక్కు ఉంది. రా, ఆఖరి బండ నువ్వే దొర్లించు. నీ కడుపుమంట చల్లారుతుంది."

ముళ్ళక్క లేచింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో దానికి ఎవరినో ఒకరిని చంపాలనిపించింది. గుండెలో ఉన్న బరువంతా ఎవరి నెత్తినైనా వేసేయాలనిపించింది. గుహ దాకా నడిచింది. అడవిపందులు పక్కకు జరిగి దారి ఇచ్చాయి.

అప్పుడు బండల సందులోంచి ఒక గొంతు వినపడింది. "అమ్మా, దాహం."

ముళ్ళక్క ఆగిపోయింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగింది. దాని వీపు మీద ముళ్ళన్నీ ఒక్కసారిగా లేచాయి. అంత పెద్ద చప్పుడు ఆ అడవిలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

"ముందు చచ్చింది ఎవరు?" అని అరిచింది. "చెప్పండి! ముందు చచ్చింది ఎలుకలు కాదా? జాతరకు ముందు చావలేదా? వాటిని ఆకుల కిందికి తోసింది ఎవరు? ఈ అలుగా? మీరు! మీ ముట్టెలతో మీరే తోశారు. వాటి పడకలు లాగి నా బిడ్డకు పరుపు వేసింది ఎవరు? రోగం అన్న మాట ఎత్తితే వెళ్ళగొడతానన్నది ఎవరు? ఆయన కొండ మీద గాలి పీల్చుకుంటున్నాడు. మీరేమో ఇక్కడ పసిబిడ్డ మీద బండలు దొర్లిస్తున్నారు!"

"పిచ్చి పట్టింది దీనికి. తోసేయండి!" అంది పునుగుపిల్లి.

తోయడానికి ఎవరూ రాకపోయేసరికి తానే ముందుకు దూకింది. ముళ్ళక్క గిర్రున తిరిగి వీపుతో ఒక్క తోపు తోసింది. ముళ్ళు పునుగుపిల్లి ముఖం నిండా దిగబడ్డాయి. అది కేకలు పెడుతూ కొండ మీదికి, తన దొర దగ్గరికి పారిపోయింది.

అడవిపందులు తలలు దించుకున్నాయి. వాటిలో పెద్దది ముందుకు వచ్చి ఒక బండను వెనక్కి లాగింది. తర్వాత మిగతావీ లాగాయి.

బూదెమ్మ బిడ్డను తోక మీద ఎక్కించుకుని బయటికి వచ్చింది. ఎవరి ముఖమూ చూడలేదు.

"దారి తెరిచి ఉంది. బిడ్డను తీసుకుని ఈ పాపిష్టి అడవి వదిలి వెళ్ళిపో," అంది ముళ్ళక్క.

బూదెమ్మ నాలుగడుగులు వేసింది. సగం తవ్విన గొయ్యి, పక్కన ఆకు కప్పిన చిన్న ఒళ్ళు కనబడ్డాయి. బిడ్డను కింద దించింది. అలుగు గోళ్ళు ఇనుప గుద్దలి లాంటివి. అది గోతిలోకి దిగి, గట్టి నేలను మట్టిముద్దల్లా పెళ్ళగించింది. గున్నను ఇద్దరూ కలిసి లోతుగా పూడ్చారు.

ఆ తర్వాత ముళ్ళక్క చెప్పినట్టు జంతువులన్నీ బొరియలు వదిలేశాయి. అక్కడ మిగిలిన జాతర పరుపులను గోతుల్లో వేసి మట్టి కప్పాయి. ఏ కుటుంబానికి ఆ కుటుంబం ఎండ తగిలే బండల మీద దూరదూరంగా ఉన్నాయి. జబ్బుపడినవాళ్ళకు నీళ్ళ దొన్నెలు కాస్త దూరంలో పెట్టి, కర్రతో దగ్గరికి జరిపేవి. ఆకుల కింద కుక్కిన ఎలుకలను కూడా బయటికి తీసి, గౌరవంగా పూడ్చాయి. వానలు పడేనాటికి రోగం తగ్గింది.

వానల తర్వాత కొమ్ములదొర కొండ దిగి వచ్చాడు. ఒంటరిగా వచ్చాడు. రోగం పరుపుల్లోనే కూర్చుని అతనితో పాటు కొండెక్కింది. వెంట పోయినవాళ్ళంతా అక్కడే పోయారు. ముఖం నిండా ముళ్ళతో పైకి పోయిన పునుగుపిల్లి కూడా పోయింది. దొర మాత్రం చిక్కి శల్యమై బతికాడు. కొమ్ములు మాత్రం అలాగే ఉన్నాయి.

"నా ముందుచూపు వల్ల అడవి గట్టెక్కింది," అన్నాడు దొర. "జరిగిందేదో జరిగింది. ఈసారి జాతర ఇంకా ఘనంగా చేద్దాం. పోయినవాళ్ళకు ఒక మాట చెప్పుకుని మొదలుపెడదాం."

ముళ్ళక్క అతని ముందు నిలబడింది. "చెప్పుకుందాం, రండి," అంది.

అతన్ని గోతుల దగ్గరికి తీసుకుపోయింది. వానకు మెత్తబడిన మట్టి దిబ్బలు గుట్ట చివరిదాకా ఉన్నాయి. అడవి అంతా వెనకాల వచ్చి నిలబడింది.

"పోయినవాళ్ళలో ఒక్కరి పేరు చెప్పండి దొరా," అంది ముళ్ళక్క. "ఒక్క పేరు చాలు."

కొమ్ములదొర దిబ్బల వైపు చూశాడు. జంతువుల వైపు చూశాడు.

"పేర్లన్నీ ఎవరికి గుర్తుంటాయి? మొదట పోయినవి ఎలుకలే కదా. ఎలుకలకు పేర్లేంటి?" అన్నాడు.

"చుంచవ్వ," అంది ముళ్ళక్క.

వెనకాల ఒక కుందేలు ఏడుస్తూ తన బిడ్డ పేరు చెప్పింది. ఒక ముంగిస తన తమ్ముడి పేరు చెప్పింది. పందులు చెప్పాయి, ఉడతలు చెప్పాయి. పేర్లు ఆగలేదు. ఒక్కో పేరుకూ కొమ్ములదొర ఒక్కో అడుగు వెనక్కి వేశాడు. అలా వేస్తూ వేస్తూ అడవి పొలిమేర దాటిపోయాడు. పక్క అడవి అతన్ని రానివ్వలేదు. వాళ్ళు కూడా జాతరకు వచ్చి బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళే. ఆపై అడవీ రానివ్వలేదు.

అప్పటినుంచి నల్లమట్టికోనలో ముళ్ళక్క మాటే మాట. ఒక్క ఎలుక పట్టపగలు తూలి పడినా కొండ మీద నుంచి నలుగురికీ కేకేసి చెప్పాలి, ఎంతటి జాతరైనా ఆపాలి అని కట్టుబాటు పెట్టుకున్నారు.

అడవిపందులు బూదెమ్మ గుహ ముందుకు పోయి తప్పు ఒప్పుకున్నాయి. వచ్చే జాతరకు అందరికంటే ముందు నువ్వే రావాలని బతిమాలాయి.

"ఇక్కడే ఉంటాను. నా బిడ్డ మీ పిల్లలతో ఆడుకుంటాడు," అంది బూదెమ్మ. "జాతరకు మాత్రం రాను. బండలు దొర్లించిన ముట్టెలు ఏవేవో నాకు గుర్తున్నాయి."

ముళ్ళక్క దాన్ని రమ్మని ఒక్క మాట కూడా అనలేదు.

నీతి: చిన్నవాళ్ళ చావును దాచిపెట్టిన పెద్దలు, ఆ చావు అందరి ఇళ్ళకూ వచ్చినప్పుడు నేరాన్ని దిక్కులేనివాళ్ళ మీద మోపుతారు. రాయి ఎత్తే ముందు, మొదటి చావును దాచిందెవరో అడగాలి.