నాంచారమ్మ ఖాళీ చేసిన బొరియ

ఎర్రవాగు ఒడ్డున జంతువులన్నీ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నాయి. ఇంటివాడు అద్దెకున్నవాణ్ణి తినకూడదు, అద్దెకున్నవాడు ఇంటివాణ్ణి తినకూడదు. అద్దె రూపంలో ఎంత తిన్నా మాత్రం అడిగేవాడు లేడు.

ఆ ఒడ్డున ఎత్తయిన మట్టిగట్టు, గట్టుకి ఆరు బొరియలు. ఆరూ గుంటనక్క గవర్రాజువే. వాటిలో ఒక్కటి కూడా అతను తవ్వలేదు. ఎవరో ఎప్పుడో తవ్వుకుని వదిలేసి పోతే, అందరికంటే ముందు చూశాడు కాబట్టి తనవయ్యాయి. పై బొరియలో తనుంటూ కింది అయిదూ అద్దెకిచ్చేవాడు. ఈ కథ చెబుతున్న నేను పదకొండు ఇళ్ళు మారినవాణ్ణి. గవర్రాజు ప్రస్తావన వచ్చినప్పుడు నా మాటకి కాస్త కారం అంటుకుంటే ఏమీ అనుకోకండి.

నడిమి బొరియలో ముంగిస నాంచారమ్మ ఉండేది. మగడు ఊరకుక్కల వాతపడ్డాక, నిండు చూలాలుగా మూడు చోట్ల తిరిగి, మూడు చోట్లా పొమ్మనిపించుకుని చివరికి ఇక్కడికి చేరింది. నలుగురు పిల్లలూ ఈ బొరియలోనే పుట్టారు. తూర్పు మొహం ఇల్లు. పొద్దున్నే ఎండ తిన్నగా లోపలి గోడ దాకా వచ్చి, పిల్లలు పడుకున్న చోట పడేది. ఆ ఎండలోనే వాళ్ళు మొదటిసారి కళ్ళు తెరిచారు. అది చూసిన రోజున నాంచారమ్మ, చావైనా బతుకైనా ఇక ఇక్కడే అనుకుంది.

రోజూ వాగులోంచి తడిమన్ను తెచ్చి గోడ మెత్తేది. ఎలకలు పెట్టిన కన్నాలు పూడ్చేది. పైకప్పులోంచి దిగిన వేళ్ళు కొరికి పారేసేది.

"అద్దె కొంపకి ఎందుకంత చాకిరీ?" అని పక్క బొరియ కుందేలు నవ్వేది.

"అద్దె కొంపని పిల్లలకి తెలీదు కదొదినా" అనేది నాంచారమ్మ.

అద్దె వారానికి రెండు పీతలు. రోజులు బాగానే గడుస్తుండగా వాగు అవతల చెరుకుతోటలు కొట్టేశారు. అక్కడేదో పెద్ద రోడ్డు పడుతుందట. తోటల్లో ఉన్న జీవాలన్నీ పిల్లల్ని నోట కరుచుకుని వాగు ఒడ్డుకొచ్చి పడ్డాయి. ఎవర్ని చూసినా "ఎక్కడైనా ఖాళీ ఉందా?" అన్నదే మాట.

ఇలాంటి రోజులు కాకి బంగారయ్యకి పండగ. అతనిది ఇళ్ళ బ్రోకరు పని. ఇంటివాడి దగ్గరొక పీత, దిగేవాడి దగ్గరొక పీత.

"ఏం గవర్రాజుగారూ, నడిమిది ఎంతకిచ్చారు?" అన్నాడు ఒకరోజు గట్టు మీద వాలి.

"రెండు."

"రెండా! కింద వరసలో, నీళ్ళు ఊరే బొరియకి నాలుగిస్తున్నారండీ. తూర్పు మొహం ఇల్లు రెండు పీతలకిచ్చి కూర్చున్నారంటే మీది చాలా మెత్తటి మనసు."

గవర్రాజుని మెత్తటి మనసని ఎవరూ ఎప్పుడూ అనలేదు. అతనికి ఒళ్ళు మండిపోయింది. ఆ వారమే అద్దె నాలుగు చేశాడు, మరుసటి నెల ఆరు. నాంచారమ్మ మారు మాట్లాడకుండా ఇచ్చింది. పీతలన్నీ అద్దెకి పోయి, తెగిపడిన కాళ్ళు మాత్రం ఇంటికొచ్చేవి. అవి పిల్లలు చీకుతుంటే తను గోడకి మన్ను మెత్తుకుంటూ కూర్చునేది.

అంతలో బంగారయ్య ఇంకో కబురు తెచ్చాడు. "ఏదుపంది దంపతులండీ, బాగా ఉన్నవాళ్ళు. వారానికి పది. నెల అద్దె అడ్వాన్సు. కాకపోతే వాళ్ళకి నడిమిదే కావాలి."

గవర్రాజు ఆ సాయంత్రమే కిందికి దిగాడు.

"ఏమ్మా నాంచారమ్మా, ఇల్లు ఖాళీ చెయ్యాలి."

"అయ్యో, ఏం తప్పు చేశానండీ? అద్దె ఒక్కనాడు ఆపానా?"

"తప్పూ లేదు, ఒప్పూ లేదు. మా చుట్టాలొస్తున్నారు."

"పిల్లలింకా సరిగ్గా నడవడం లేదండీ. ఒక్క రెండు నెలలు..."

"అదే కుదరదమ్మా. వేగుచుక్క కిందికి జారిపోతోంది, చూడలేదా? ఇంకో అయిదు రోజుల్లో మూఢం. మూఢంలో ఇల్లు ఖాళీ చేస్తే ఇంటికి అరిష్టం. ఆపైన రెండు నెలలు నిన్ను కదపడానికి లేదు. ఈలోపే వెళ్ళు."

ఎర్రవాగు ఒడ్డున మూఢం పట్టింపు గట్టిది. తెల్లవారుజామున తూర్పున మెరిసే శుక్రుడు కనబడకుండా పోయిన రోజు నుంచి, మళ్ళీ సాయంత్రం పడమట తేలేదాకా పెళ్ళి చెయ్యరు, ఇల్లు మారరు. అది చూసుకునే గవర్రాజు అంత తొందరపడ్డాడు.

మూడో రోజున నాంచారమ్మ పిల్లల్ని ఒక్కొక్కర్నీ నోట కరుచుకుని వాగు దాటించింది. నాలుగుసార్లు వెళ్ళింది, మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి తీసుకెళ్ళడానికి ఏమీ లేకపోయినా వెనక్కి వచ్చింది. లోపలి గోడ దగ్గర కాసేపు పడుకుని, లేచి వెళ్ళిపోయింది. ఎందుకొచ్చావని ఎవరైనా అడిగితే చెప్పుకోలేకపోయేది. ఇల్లు వదిలినవాళ్ళకి నేను వేరే చెప్పాలా?

అవతలి ఒడ్డున పందికొక్కు సత్తెమ్మకి ఒక బండరాయి ఉంది. దాని కింది నెరియలు ఆవిడ అద్దెకిస్తుంది. ఎండ రాదు, చెమ్మ ఆరదు, అద్దె మాత్రం వారానికి ఒక్క పీత. అందులో చేరింది నాంచారమ్మ. పిల్లలు సత్తెమ్మ పిల్లలతో కలిసి బురదలో దొర్లడం మొదలుపెట్టారు. తల్లి మాత్రం రోజూ పొద్దున్నే రాయెక్కి కూర్చునేది. ఎదురుగా గట్టు మీద ఎండ పడేది. ఎండ ఇప్పుడు గుమ్మంలో ఉంటుంది, ఇప్పుడు గోడ దాకా వెళ్ళుంటుంది అని మనసులో దాని వెంట నడిచేది. పిల్లల పాలవాసన ఇంకా ఆ మట్టిలో ఉందా, పోయిందా అనుకునేది. అంత దూరం నుంచి చూస్తే తన ఇల్లు చిన్న నల్లచుక్కలా ఉండేది, అయినా దానివైపు చూడకుండా ఆమెకి పొద్దు గడిచేది కాదు.

వాగులో ఉండే తాబేలు తాత అక్కడికొచ్చి పక్కన కూర్చునేవాడు.

"ఎందుకమ్మడూ అలా దిగులు పెట్టుకుంటావు?"

"నీకేం తాతా, నీది సొంతిల్లు."

"ఆఁ, పేరుకి సొంతిల్లే. నూరేళ్ళయింది, చుట్టమొస్తే లోపలికి రమ్మనే భాగ్యం లేదు" అన్నాడు తాత. తర్వాత ఇద్దరూ గట్టుకేసి చూస్తూ కూర్చున్నారు.

ఇక గట్టు మీద సంగతి. నాంచారమ్మ వెళ్ళిన మర్నాడు ఏదుపంది దంపతులు వచ్చి ఇల్లు చూశారు, ముచ్చటపడ్డారు, అడ్వాన్సు ఇచ్చారు.

"రేపే దిగండి" అన్నాడు గవర్రాజు.

"రేపు మూఢం కదండీ!" అంది ఏదుపంది భార్య, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని. "కొత్తింట్లో మూఢంలో కాలు పెడతామా? శుక్రుడు లేచాక మంచిరోజు చూసుకుని దిగుతాం."

గవర్రాజు తోక నేలకేసి కొట్టాడు. మూఢంలో పోకూడదని గుర్తున్నవాడికి మూఢంలో రాకూడదని గుర్తులేకపోయింది. అడ్వాన్సు చేతికొచ్చిందిగా, రెండు నెలలు ఎంతలో పోతాయిలే అని సరిపెట్టుకుని, ఆ పీతల్ని తినేశాడు.

ఖాళీ ఇల్లు మూడో వారానికే పాడుపడింది. కన్నాలు పూడ్చే దిక్కు లేక ఎలకలు చేరాయి. ఎలకల కోసం నాగుపాము వచ్చింది. కొట్టేసిన చెరుకుతోటల్లోంచి వచ్చిన పెద్ద పాము అది. మంచిరోజు చూడలేదు, అద్దె ఎంతని అడగలేదు. తిన్నగా లోపలికి వెళ్ళి, ఎండ పడే చోట చుట్ట చుట్టుకుంది.

అన్నాళ్ళూ గట్టు మీద పాము మాట వినబడలేదంటే అది నాంచారమ్మ అక్కడుండటం వల్లనేనని అప్పుడు తెలిసింది అందరికీ. కుందేలు ఆ పూటే మూటాముల్లె సర్దుకుంది. మూఢంలో పోకూడదని గవర్రాజు అడ్డం పడితే, "మూఢమైతే రెండు నెలల్లో పోతుంది, ప్రాణం పోతే మళ్ళీ వస్తుందా?" అని దులిపేసి వెళ్ళిపోయింది. వారం తిరక్కుండా బొరియలన్నీ ఖాళీ. గోడ అవతల బుస వినబడుతుంటే గవర్రాజుకి కంటిమీద కునుకు లేదు. చివరికి వాగు దాటి నాంచారమ్మ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, బంగారుతల్లీ! నువ్వు వెళ్ళాక ఇల్లు ఇల్లులా లేదమ్మా. వచ్చెయ్. పాత అద్దే, రెండు పీతలే. వస్తూ వస్తూ ఆ పాము సంగతి కాస్త చూడు."

నాంచారమ్మ గట్టుకేసి చూసింది. ఈ పూట వెళితే రేపు పొద్దున ఎండ తన ఒంటి మీద పడుతుంది. కాళ్ళు ముందుకి కదిలాయి కూడా. అప్పుడు గుర్తొచ్చింది, నిన్ననే తాబేలు తాత చెప్పిన మాట. ఏదుపందుల అడ్వాన్సు గవర్రాజు కడుపులో ఉందని, శుక్రుడు లేవగానే వాళ్ళు దిగుతారని కాకి బంగారయ్య అందరితో చెప్పుకు తిరుగుతున్నాడట. తను పాముని వెళ్ళగొట్టడం ఒక రోజు, తనని గవర్రాజు వెళ్ళగొట్టడం మర్నాడు.

"వస్తానండీ" అంది. "మీ ఇంటికి రాకపోతే ఎక్కడికి పోతాను? కానీ ఇది మూఢం కదండీ. మూఢంలో కాలు పెట్టి మీ ఇంటికి అరిష్టం తెస్తానా? శుక్రుడు లేవనివ్వండి."

"ఆ పట్టింపులు మనలో మనకెందుకమ్మా..."

"అయ్యో, మీరు చెప్పిన మాటేనండీ. అది నా మనసులో నాటుకుపోయింది."

గవర్రాజు మొహం మాడిపోయింది. అతను వెనక్కి తిరిగాక నాంచారమ్మ నెరియలోకి దూరి ఏడ్చింది. ఊఁ అని ఒక్క మాట అనుంటే ఇంట్లో ఉండేది. ఆ మాట మింగడానికి ఆమెకి ప్రాణం పోయినంత పనైంది.

సొంత ఇంట్లో ఉండలేక గవర్రాజు అద్దెకి వెతుక్కున్నాడు. బంగారయ్య రెండు పీతలు పుచ్చుకుని సత్తెమ్మ దగ్గరికే తీసుకొచ్చాడు.

"ఫ్యామిలీ ఉందా?" అంది సత్తెమ్మ.

"ఒంటరివాణ్ణండీ."

"ఒంటరివాళ్ళకి ఇవ్వం. సరేలే, పెద్దాయనవి, వారానికి ఆరు పీతలివ్వు. సాయంత్రం ఊళలు వెయ్యడానికి వీల్లేదు. తోక గోడకి రాస్తే ఊరుకోను. చుట్టాలొస్తే ముందే చెప్పాలి."

"ఆరా! నాంచారమ్మది ఒకటేగా?"

"ఇష్టముంటే ఉండు, లేకపోతే బోలెడుమంది అడుగుతున్నారు" అంది సత్తెమ్మ, మట్టిలోంచి తల కూడా ఎత్తకుండా.

గవర్రాజుకి తోక పట్టని నెరియ ఇచ్చింది. సాయంత్రాలు ఊళ గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. ఏదుపందులు పాము సంగతి విని అడ్వాన్సు తిరిగిమ్మని వచ్చి కూర్చున్నారు. గుంటనక్క మొదటిసారి చన్నీళ్ళలో దిగి తనే పీతలు పట్టాడు, అద్దెకీ అప్పుకీ. కొన్ని పొద్దులు అతనూ రాయెక్కి, నాంచారమ్మకి నాలుగడుగుల దూరంలో కూర్చుని, గట్టుకేసి చూసేవాడు. అప్పుడు మాత్రం ఆమెకి అతని మీద కోపం వచ్చేది కాదు.

రెండు నెలలకి ఒక సాయంత్రం పడమట శుక్రుడు తేలాడు. గవర్రాజు తడితోకతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడు చెప్పమ్మా, నువ్వేమంటే అదే."

"వారానికి రెండు పీతలు, పెంచడం లేదు. నాకు పోవాలనిపించినప్పుడు నేను పోతానే గానీ మీరు పొమ్మనకూడదు. గోడ మెత్తడం ఇకమీదట మీ పని. ఇదంతా తాతని సాక్షి పెట్టి చెప్పండి."

తాబేలు తాత మెడ పూర్తిగా బయటికి చాపి విన్నాడు. గవర్రాజు ఒట్టేశాడు. వాగు ఒడ్డున నక్క ఒట్టు నిలబెట్టుకున్న సందర్భం అదొక్కటే. పైన అతనూ బతకాలంటే కింద ముంగిస ఉండాలి మరి.

పాముతో పోరు ఒక్క పూటలో తేలిపోయింది. చెవి చిరిగినా నాంచారమ్మ లెక్కచెయ్యలేదు. పాము వాగు వెంబడి ఎటో పోయింది. ఆమె పిల్లల్ని పిలిచి ఇంట్లోకి తీసుకెళ్ళింది.

మర్నాడు పొద్దున్న ఎండ వచ్చింది. గుమ్మం దాటి, లోపలి గోడ దాకా వచ్చి, ఎప్పుడూ పడే చోటనే పడింది. నాంచారమ్మ ఆ మట్టికి ముక్కు ఆనించి ఎంతసేపు చూసినా పాము వాసనే తప్ప పాలవాసన తగల్లేదు. పిల్లలు ఎదిగిపోయారు, నలుగురూ ఆ మూలలో పట్టడం లేదు. వాళ్ళు ఎండ కళ్ళలో పడుతోందని విసుక్కుని గుమ్మంలోకి పోయి కూర్చున్నారు. ఆమె ఒక్కతే గోడ పక్కన పడుకుంది.

చిన్నది లోపలికి తొంగిచూసింది. "అమ్మా, మనింటికి ఎప్పుడెళ్తాం?"

"ఇదేనే మనిల్లు. నువ్వు పుట్టింది ఇక్కడే."

"ఇది కాదమ్మా. మనిల్లు. రాయి కిందది."

నాంచారమ్మ దాన్ని దగ్గరికి లాక్కుని, అవతలి ఒడ్డున బండరాయి కనబడేలా గుమ్మం వైపు తిప్పి కూర్చోబెట్టుకుంది.

నీతి: గోడలు ఇంటివాడివే అయినా ఇల్లు అందులో బతికినవాళ్ళది, ఆశకొద్దీ ఆ రెంటినీ విడదీస్తే గోడలు మళ్ళీ నిలబడతాయేమో గానీ ఆ ఇల్లు మాత్రం తిరిగి రాదు.