మునగని రాయి

ఒకప్పుడు రాళ్ళన్నీ నీళ్ళలో మునిగేవి. కొండంత బండైనా సరే, గోరంత గులకరాయైనా సరే, పడిందంటే బుడుంగుమని అడుక్కి పోవలసిందే. తేలే రాయిని ఎవరూ కళ్ళతో చూసి ఎరగరు.

ఆ రోజుల్లో గ్రీకుల సముద్రం మధ్య పిర్నా అని ఒక చిన్న ద్వీపం ఉండేది. ద్వీపమంటే ఎంతని, ఒక నిప్పుకొండ, దాని చుట్టూ కాస్త నేల. ఆ కొండ కడుపులో ఆరని నిప్పుకణిక ఒకటి ఉండేది. అదే కొండకి ప్రాణం.

ఆ ద్వీపంలో నెఫీరా అనే పిల్ల ఉండేది. నాలుగేళ్ళప్పుడు అమ్మా నాన్నా చేపల వేటకి వెళ్ళి మళ్ళీ రాలేదు. కొండే ఆ పిల్లని పెంచింది. చలేస్తే వెచ్చటి రాళ్ళ మధ్య పడుకోబెట్టుకునేది. ఆకలేస్తే వేడి బండమీద చేపలు కాల్చిపెట్టేది. నెఫీరా కొండని "తాతా" అని పిలిచేది. రోజూ మధ్యాహ్నం పాట పాడి తాతని నిద్రపుచ్చేది. ఆ పాట వింటే తప్ప కొండకి కునుకు పట్టేది కాదు.

నెఫీరా పెద్దదైంది. ఒకరోజు ఆ ఒడ్డుకి ఒక ఓడ వచ్చింది. అందులో లైకాంద్రోస్ అనే వీరుడు, అతని వెంట పన్నెండుమంది నావికులు దిగారు. వాళ్ళు వచ్చింది ఆ నిప్పుకణిక కోసమే.

మొదటిరోజు ఇద్దరు కొండెక్కారు. కొండ బుస్సుమంది. ఇద్దరూ బూడిదయ్యారు. రెండోరోజు ఇంకొకడు వెళ్ళాడు. వాడూ అంతే.

మూడోరోజు లైకాంద్రోస్ ఒడ్డున ఒంటరిగా కూచుని ఏడుస్తున్నాడు. అంత పొడుగు మనిషి, నడుముకి కత్తి, వెక్కి వెక్కి ఏడుపు. నెఫీరా ముంతతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"ఎందుకేడుస్తున్నావు?" అని అడిగింది.

"ఆ నిప్పు తీసుకెళ్తేనే మా పినతండ్రి నాకు రాజ్యం ఇస్తాడు. ఉత్త చేతులతో వెళ్తే నా తల తీయిస్తాడు. మా అమ్మ గుమ్మంలో నిలబడి నాకోసం చూస్తూ ఉంటుంది" అన్నాడు.

అమ్మ అనగానే నెఫీరా గుండె కరిగిపోయింది. ఎవరైనా తన కోసం గుమ్మంలో నిలబడితే ఎలా ఉంటుందో ఆ పిల్లకి తెలీదు.

"కొండ నిద్రపోయేటప్పుడు వెళ్తే కాలవు. నిద్రపుచ్చడం నాకు తెలుసు" అంది మెల్లగా.

లైకాంద్రోస్ ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఆ పని చేసిపెట్టు. నిన్ను మా ఊరు తీసుకెళ్తాను, పెళ్ళి చేసుకుంటాను. మా అమ్మే నీకూ అమ్మ. ఈ సముద్రం మీద ఒట్టు!" అన్నాడు.

సముద్రం విన్నది.

మర్నాడు మధ్యాహ్నం నెఫీరా కొండ పక్కన కూచుని పాట ఎత్తుకుంది.

"ఇవాళ నీ గొంతు వణుకుతోందేమిటే పిల్లా?" అని అడిగింది కొండ.

"జలుబు చేసింది తాతా."

"అయ్యో, అయితే ఇంకాస్త దగ్గరికి జరుగు. వెచ్చగా ఉంటుంది" అంది కొండ. అలా అంటూనే నిద్రలోకి జారిపోయింది.

లైకాంద్రోస్ తడి మట్టి పూసిన కుండ పట్టుకుని లోపలికి దిగాడు. కణిక తీసి కుండలో వేసుకున్నాడు. పైకొచ్చి, "పద పద!" అన్నాడు. నెఫీరా పాట సగంలో ఆపేసి అతని వెనకాలే పరిగెత్తింది. వెనక్కి తిరిగితే అడుగు ముందుకి పడదని తెలిసి తిరగలేదు.

ఓడ కదిలింది. ఒక రోజు, రెండు రోజులు. లైకాంద్రోస్ ఆమె పక్కనే కూచుని వాళ్ళమ్మ ఎలా నవ్వుతుందో చెప్పేవాడు. మూడోరోజు ముసలి నావికుడు ఫోకాస్ అతన్ని పక్కకి పిలిచాడు. మెల్లగానే మాట్లాడాడు గానీ, గాలి నెఫీరా వైపుకే వీస్తోంది.

"దొరా, పెంచిన తాతనే నిద్రపుచ్చి ప్రాణం తీసిచ్చింది. రేపు నిన్ను నిద్రపుచ్చదని ఏమిటి నమ్మకం?"

నెఫీరా లైకాంద్రోస్ ఏమంటాడా అని చూసింది. అతను తల వంచుకుని తెరచాప తాడు సరిచేసుకుంటూ ఉండిపోయాడు.

కాసేపటికి ఒక బోడి దిబ్బ కనిపించింది. ఓడ ఆపారు.

"మంచినీళ్ళు అయిపోయాయి నెఫీరా. ఆ బండల వెనక ఊట ఉందేమో చూసి రా" అని లైకాంద్రోస్ ముంత చేతికిచ్చాడు. ఆమె కళ్ళలోకి చూడలేదు.

నెఫీరా వెళ్ళింది. బండల వెనక ఊటా లేదు, చెమ్మా లేదు. తిరిగొచ్చేసరికి ఓడ గోరంత అయిపోయింది. అరిచింది. గొంతు పోయేదాకా అరిచింది. ఓడ చుక్కంత అయింది. ఆ తర్వాత అదీ లేదు.

"సముద్రమా! నీ మీదే కదా ఒట్టు పెట్టాడు! నువ్వే సాక్షివి కదా!" అని నెఫీరా నీళ్ళని రెండు చేతులతో కొట్టింది.

"నా మీద ఒట్టు పెట్టిన వీరులు ఎంతమందో తల్లీ" అంది సముద్రం. "అందరివీ విన్నాను. వినడమే నాకు చేతనయింది."

నెఫీరా ఆ దిబ్బ మీద కూలబడి ఏడ్చింది. తొమ్మిది పగళ్ళు ఏడ్చింది. కన్నీళ్ళు అయిపోయాయి. ఆ తర్వాత లోపల ఉన్నదేదో ఏడ్చింది. ఏడ్చిన చోటల్లా బోలు పడిపోయింది.

పదోరోజు గాలిలో బూడిద వచ్చింది. పిర్నా కొండ చల్లారిపోతూ విడిచిన ఆఖరి ఊపిరి అది.

"పిల్లా" అంది బూడిద, కొండ గొంతుతో.

"తాతా! నన్ను తిట్టు. నన్ను కాల్చెయ్యి."

"కోపం తెచ్చుకోవడానికి కూడా నాలో వేడి లేదే. ఏం కావాలో అడుగు. నాకు ఇంకొక్క ఊపిరే ఉంది."

"నన్ను రాయిని చెయ్యి తాతా. రాయికి నొప్పి ఉండదు. మునిగిపోతాను. అడుక్కి పోయి పడుకుంటాను."

వెచ్చటి బూడిద ఆమె మీద మెత్తగా రాలింది. చిన్నప్పుడు కప్పినట్టే కప్పింది. కొండ ఊపిరి ఆగిపోయింది. నెఫీరా రాయి అయింది. ఒక కెరటం వచ్చి ఆ రాయిని లోపలికి లాక్కెళ్ళింది.

రాయి మునగలేదు.

"కిందకి పంపించు" అని నెఫీరా మనసులో వేడుకుంది.

"ఎలా పంపను? నీ ఒళ్ళంతా చిల్లులే. మునగడానికి నీలో బరువేదీ మిగల్లేదు" అంది సముద్రం.

అలా ఆ రాయి ఏళ్ళ తరబడి తేలింది. కెరటాలకి అరిగి అరిగి పిడికెడంత అయింది. చివరికి ఒక ఊరి రేవుకి కొట్టుకొచ్చింది. అక్కడ లైకాంద్రోస్ రాజు. ఆ రోజు అతనికి పెళ్ళి. రేవు మెట్లమీద అతనికి తలంటుతున్నారు.

"ఇదేం రాయి దొరా, దూదిలా ఉంది!" అని ఒక పనిమనిషి దాన్ని నీళ్ళలోంచి తీసి ఇచ్చింది.

లైకాంద్రోస్ చెయ్యి తగలగానే నెఫీరాకి తెలిసింది. "నేనే" అందామనుకుంది. ఒంటినిండా నోళ్ళే. ఒక్కదాంట్లోనూ మాట లేదు.

లైకాంద్రోస్ ఆ రాయితో మడమలు రుద్దుకున్నాడు. మురికి పోయి మడమలు తెల్లగా మెరిశాయి. అతను నవ్వాడు. ఇంకాస్త గట్టిగా రుద్దేసరికి చర్మం గీసుకుంది.

"ఛీ, గరుకు రాయి!" అని మెట్లకేసి విసిరికొట్టాడు. రాయి తునాతునకలైంది. తునకలన్నీ నీళ్ళలో పడ్డాయి. ఒక్కటి కూడా మునగలేదు.

అప్పటినుంచే పిల్లలూ, నురుగురాయి నీళ్ళలో తేలుతుంది. ఎన్ని కెరటాలు కొట్టినా అడుక్కి పోదు. పట్టి చూస్తే ఒళ్ళంతా చిల్లులు. జనం దాన్ని ఏరుకొచ్చి మడమలు రుద్దుకుంటారు. అది ఏమీ అనదు. ఊరికే అరిగిపోతుంది.