ఏడు సముద్రాల అవతలికి ఒక పలకరింపు

సాయంత్రం. సన్నగా తుంపర పడుతోంది. పూర్వం కువలయగిరిని ఏలిన రాణి సుకేశిని సముద్రపు ఒడ్డున నిలబడి ఉంది. ఆమెకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతలి ధూమకేశుడనే ముసలి మాంత్రికుడు ఆమె అత్తగారిని ఎత్తుకుపోయాడు. పెద్దకొడుకు కత్తి పట్టుకుని వెళ్ళాడు, రాయైపోయాడు. రెండోవాడు విల్లు పట్టుకుని వెళ్ళాడు, రాయైపోయాడు. ఇప్పుడు మూడోవాడు ఉత్పలుడు బయల్దేరాడు.

"నువ్వూ రాకపోతే?" అంది రాణి.

శంఖాలు ఏరుకునే చంద్రిక తల్లీకొడుకులకు చెరో శంఖం ఇచ్చింది. "ఇవి కవలలమ్మా. ఒకదాంట్లో మాట్లాడితే రెండోదాంట్లో వినిపిస్తుంది."

మాటలొచ్చిన తాబేలు ఉత్పలుణ్ణి వీపున ఎక్కించుకుంది. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. రోజూ పొద్దు గూకగానే రాణి శంఖంలో అడిగేది.

"తిన్నావా నాయనా? ఏం కూర?"

"అటుకులమ్మా."

"అటుకులు కూరేమిట్రా!" అని తాబేలు నవ్వేది.

ఒకనాడు శంఖంలో అరుపులు వినిపించాయి.

"నీ ప్రాణమున్న చిలక నా చేతిలో ఉంది. పీక నులిమేస్తా!"

"ఈలోపు నిన్ను రాయిని చేస్తా!"

రాణి శంఖాన్ని నోటి దగ్గరికి తెచ్చుకుంది. ఏమనాలో తోచక రోజూ అడిగేదే అడిగింది. "తిన్నావా నాయనా? ఏం కూర?"

అరుపులు ఆగిపోయాయి. "ఎవర్నిరా అడుగుతోంది?" అంది మాంత్రికుడి బొంగురుగొంతు.

"మిమ్మల్నే తాతా," అన్నాడు ఉత్పలుడు తడుముకోకుండా.

"నన్నా? ఒక్కడికి కూరెందుకని చారు కాచుకున్నానమ్మా."

"వట్టి చారేమిటండీ! వంకాయలు లేవూ?"

"ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు తల్లీ. కబుర్లకని మీ అత్తగారిని తెచ్చుకుంటే ఆవిడ నోరే విప్పదు."

"ఎత్తుకొచ్చినవాడితో కబుర్లేమిటి నాకు!" అని దూరం నుంచి అత్తగారి కేక.

"మావాళ్ళను పంపించండి," అంది రాణి. "ఆ శంఖం మీరే ఉంచుకోండి. రోజూ నేనడుగుతాను. అత్తయ్యా అడుగుతారు."

"మర్చిపోతేనో?"

"ముగ్గురు పిల్లల్ని అడిగిన నోరు. మరిచిపోదు."

శంఖంలో మంత్రం గొణుగుడు వినిపించింది. తర్వాత ఒక తుమ్ము. పెద్దవాడి తుమ్ము! ఆ వెనకే రెండోవాడి నవ్వు.

తాబేలు దిగుతూనే అత్తగారు అడిగింది. "ఆ శంఖాలిచ్చిన పిల్లేదే? మూడోవాడికి అదే తగిన జోడు."

పెళ్ళయింది. ఉత్పలుడూ చంద్రికా తలలు నెరిసేదాకా చల్లగా ఏలారు. పెళ్ళినాటి సాయంత్రం మాత్రం రాణి భోజనాల బంతి చివర నిలబడి, తిరిగొచ్చినవాళ్ళను ఒక్కొక్కరినే లెక్కపెట్టుకుంది. అత్తయ్య. పెద్దవాడు. రెండోవాడు. మూడోవాడు.

అప్పుడే శంఖం పలికింది. "వంకాయ వండానమ్మా! అక్కడేం కూర?"

రాణి ఇంకో విస్తరి వేసింది. అయిదు.